మెట్ట వరి పసుపెక్కితే ముందు వేరు చూడండి

ప్రశ్న: మాది పార్వతీపురం మన్యం జిల్లా. రెండున్నర ఎకరాల గరువు భూమి ఉంది. బోరు లేదు, వానే ఆధారం. మా మావయ్య గారి రోజుల నుంచి ఏటా ఖరీఫ్‌లో పొడి దుక్కిలో వరి వెదజల్లుతున్నాం. మూడేళ్లుగా చేలో అక్కడక్కడ పైరు పసుపెక్కి గిడసబారిపోతోంది. మొదటి ఏడాది రెండు చోట్లే కనిపించింది. ఇప్పుడు చేలో మూడో వంతు అలాగే ఉంది. యూరియా వేశాం, జింకు వేశాం, ఏమీ తేడా లేదు. పైరుకు ఇప్పుడు 45 రోజులు. మందుల షాపాయన నులిపురుగు అయి ఉంటుంది, గుళికలు వెయ్యమంటున్నాడు. మావయ్య భూమి చవుడు తేలిందంటున్నారు. మా ఆయన వరి మానేసి జీడి మొక్కలు పెడదామంటున్నారు. పక్క చేలో వంగ మొక్కల వేర్లకు బుడిపెలు చూశాను, అదే మా వరికీ వచ్చిందా? ఈ గింజలు తినొచ్చా? విత్తనానికి ఉంచుకోవచ్చా? ఇంట్లో ఐదుగురం, ఏడాది పొడుగునా బియ్యం కొనుక్కునే స్తోమత లేదు. చాలా టెన్షన్‌గా ఉంది.

సమాధానం: అమ్మా, మీరు రాసిన వాటిలో నాకు అన్నిటికంటే పనికొచ్చిన మాట ఒకటుంది. మొదటి ఏడాది రెండు చోట్ల ఉన్నది మూడేళ్లలో మూడో వంతుకు పాకిందన్నారు. జింకు లోపమైతే ఇలా ఏటేటా పాకదు. చవుడు కూడా ఇంత త్వరగా, అందులోనూ నీరు నిలవని గరువు భూమిలో, పాకడం అరుదు. నేలలో ప్రాణమున్నదేదో పెరుగుతోంది, దుక్కితో, వాన నీటితో పక్కకు జరుగుతోంది. కాబట్టి మీ షాపాయన అనుమానంలో నిజం ఉండే అవకాశం ఎక్కువే. ఆయన చెప్పిన మందు సంగతి వేరు, దాని దగ్గరికి తర్వాత వస్తాను. గుళికల మీద గానీ ఇంకో యూరియా బస్తా మీద గానీ రూపాయి పెట్టకముందే మీరు వేరు చూడాలి.

మొక్కను పట్టుకుని పీకకండి. పీకితే సన్న వేర్ల చివర్లు తెగి నేలలోనే ఉండిపోతాయి, మనం చూడాల్సింది ఆ చివర్లనే. పసుపు మచ్చ నట్టనడుమ బాగా చచ్చిన మొక్కలు వద్దు, వాటికి వేరే మిగలదు. మచ్చ అంచున, పచ్చ పైరు పసుపు పైరు కలిసే చోట, నాలుగైదు దుబ్బులను పారతో జానెడు లోతున మట్టి గడ్డతో సహా లేపండి. బక్కెట్లో నీళ్లు పోసి అందులో అరగంట నానబెట్టి, మట్టి దానంతటదే జారిపోయేలా మెల్లగా ఆడించండి. తర్వాత తెల్లటి పళ్లెంలో పల్చగా నీళ్లు పోసి వేర్లను పరవండి. ఆరోగ్యంగా ఉన్న వరి వేరు సూటిగా, చివర సన్నగా తేలుతుంది. వరి వేరు బుడిపె నులిపురుగు పట్టిన వేరు చివర ఉబ్బి, చేపల గాలానికి ఉండే కొక్కెంలా వంపు తిరుగుతుంది. కొన్ని ఇంకా ముదిరి మెలి పడి ఉంటాయి. లేత బుడిపెలు తెల్లగా ఉంటాయి, ముదిరినవి గోధుమ రంగుకు తిరుగుతాయి. ఆ కొక్కెం కనిపించిందంటే ఇక పెద్దగా సందేహం అక్కర్లేదు. పోలికకు పచ్చగా ఉన్న చోటి నుంచి కూడా ఒక దుబ్బు తెచ్చి అదే పళ్లెంలో పక్కన పెట్టండి. మీ మావయ్య గారిని పిలిచి చూపించండి. చవుడు వేరును వంకర తిప్పదని ఆయన అనుభవానికి ఇట్టే తెలిసిపోతుంది.

నులిపురుగంటే నేలలో బతికే సన్న దారంలాంటి పురుగు, కంటికి కనిపించదు. పిల్ల పురుగు పొడవు అర మిల్లీమీటరు లోపే. నేలలో తేమ ఉన్నప్పుడు ఈదుకుంటూ వచ్చి లేత వేరు కొన దగ్గర లోపలికి దూరుతుంది. ఒకచోట కుదురుకుని చుట్టూ ఉన్న కణాలను పెద్ద పెద్ద తిండి గదులుగా మార్చుకుంటుంది. మొక్క పైకి పంపాల్సిన నీరు, పోషకాలు అక్కడే ఆగిపోతాయి. అందుకే నేలలో ఎరువు ఉన్నా పైరు పసుపెక్కుతుంది, మీరు వేసిన యూరియా పని చెయ్యనిది అందుకే. దూరిన మూడు రోజుల్లోనే బుడిపె మొదలవుతుంది. మన వేడికి మూడు నాలుగు వారాల్లో ఒక తరం పూర్తయి, ఆడ పురుగు వందల గుడ్లు పెడుతుంది. నాలుగు నెలల పైరులో ఇలా మూడు నాలుగు తరాలు గడుస్తాయి. కూరగాయల వేర్లలో ఉండే దాని చుట్టాలు మామూలుగా గుడ్లను వేరు బయటికి, జిగురు ముద్దలో పెడతాయి. వరిలోది గుడ్లను వేరు లోపలే పెడుతుంది. పిల్లలు అదే వేరులో పొదిగి, బయట మట్టిలోకి రాకుండానే పక్కకు జరిగి మళ్లీ తినడం మొదలుపెడతాయి. పైన మందు చల్లితే దానికి పెద్దగా తగలకపోవడానికి, నీళ్లు పెట్టినా చావకపోవడానికి అసలు కారణం ఇదే.

కొక్కేలు లేకపోతే? అప్పుడు వేరే దారిలో ఆలోచించాలి. పొడి దుక్కిలో వేసిన వరికి ఇనుము లోపం తరచుగా వస్తుంది. అందులో కొత్తగా వచ్చే ఆకులు ఈనెల మధ్య పసుపెక్కి, ముదిరితే తెల్లగా పాలిపోతాయి, వేర్లు మాత్రం సూటిగానే ఉంటాయి. అన్నభేది (ఇనుము ఉండే ఉప్పు), నిమ్మ ఉప్పు కలిపి పిచికారీ చేస్తే కొద్ది రోజుల్లో కొత్త ఆకు పచ్చబడుతుంది. జింకు లోపమైతే ఆకుల మీద తుప్పు రంగు మచ్చలు కనిపిస్తాయి. వేర్లను ఎవరో కొరికి తెంపినట్టుంటే వేరుపురుగు గానీ చెదలు గానీ ఉన్నాయేమో మట్టి తవ్వి చూడండి, అవి కంటికి కనిపిస్తాయి.

ఇంకొకటి కూడా ఉంది. బుడిపెలు లేకుండా వేర్ల మీద గోధుమ రంగు చారలు, నల్లటి పుండ్లు ఉంటే అది మరో జాతి నులిపురుగు, ప్రాటిలెంకస్ ఇండికస్. మెట్ట వరికి ఇదీ పాత శత్రువే. హైదరాబాద్ ప్రాంతపు మొక్కల మీద జరిగిన అధ్యయనంలో 1960లో దీన్ని శాస్త్రీయంగా వర్ణించారు, అంటే మన నేలలకు ఇది కొత్త చుట్టం కాదు. దాన్ని కంటితో తేల్చడం కష్టం, ల్యాబ్‌కే వెళ్లాలి.

వంగ సంగతికి వస్తాను. పక్క చేలో మీరు చూసిన బుడిపెలు వేరు పొడుగునా గుండ్రంగా పూసల్లా ఉండి ఉంటాయి. అవి సాధారణంగా మెలాయిడోగైన్ ఇన్‌కాగ్నిటా అనే జాతివి, టమాటా, బెండ, వంగలను పీడించేవి. వరి వేరు చివర కొక్కెం వేసేది మెలాయిడోగైన్ గ్రామినికోలా. దీనికి గడ్డిజాతి అంటేనే ఇష్టం. కాబట్టి వంగ చేను నుంచి మీకు వచ్చిందని వాళ్లతో మాట పట్టింపు వద్దు. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. కొన్ని మెట్ట పొలాల్లో కూరగాయల జాతి కూడా వరి మీద బతుకుతుంది. మీ చేలో ఏది ఉందో తెలిస్తేనే తర్వాత ఏ పంట వెయ్యాలో గట్టిగా చెప్పగలం. గ్రామినికోలాను ఆకలికి మాడ్చే బెండ, అలసందలే ఇన్‌కాగ్నిటాకు విందు పెడతాయి. అందుకని పరీక్ష చేయించుకోవడం దండగ కాదు.

పరీక్షకు మట్టి తీసే పద్ధతి మామూలు భూసార పరీక్ష పద్ధతి లాంటిది కాదు, చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. భూసార పరీక్షకు మట్టిని నీడలో ఆరబెడతాం. దీనికి ఆరబెడితే పురుగులు చచ్చిపోతాయి, ల్యాబ్ వాళ్లకు ఏమీ దొరకదు, మీ చేలో పురుగు లేదని రిపోర్టు వస్తుంది. తేమ ఉన్న రోజున, మచ్చల అంచుల్లో ఎనిమిది పది చోట్ల, పై పొర గీకేసి జానెడు లోతు నుంచి వేర్లతో సహా మట్టి తీసి కలపండి. అందులోంచి పావుకిలో మట్టి, ఒక గుప్పెడు వేర్లు పాలిథిన్ సంచిలో వేసి మూతి బిగించండి. బాగున్న పైరు కింది మట్టిని వేరే సంచిలో పెట్టండి. కాగితం మీద పెన్సిల్‌తో పంట, పైరు వయసు, కిందటి మూడేళ్లు ఏం వేశారో రాసి లోపల పెట్టండి, పెన్ను సిరా తడికి చెరిగిపోతుంది. బండి డిక్కీలోనో ఎండలోనో ఉంచకుండా అదే రోజు, మహా అయితే మర్నాడు చేర్చండి. మీ జిల్లాలో రస్తాకుంటుబాయిలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. గిరిజన ప్రాంత పంటల కోసం చింతపల్లిలో ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది. ముందు ఫోన్ చేసి నులిపురుగుల పరీక్షకు సంచి ఎక్కడికి పంపించాలో కనుక్కుని బయల్దేరండి. మీ ఊరి రైతు సేవా కేంద్రంలో అడిగితే నంబర్లు ఇస్తారు.

కొక్కేలు కనిపించాయనే అనుకుందాం. ఇప్పుడు మీ చేనుకే ఎందుకొచ్చిందన్నది. ఏటా అదే నేలలో వరి, వరి తర్వాత ఖాళీ, ఆ ఖాళీలో గడ్డి. ఈ పురుగుకు ఇంతకంటే ఏం కావాలి? దీన్ని 1965లో అమెరికాలోని లూసియానాలో తొలిసారి వర్ణించినప్పుడు దొరికింది ఊద గడ్డి వేర్లలో. అదే ఊద మీ చేలో వరితో పాటు మొలుస్తుంది. తుంగ, గరిక కూడా దీనికి ఆశ్రయమిచ్చేవే. కోత అయిపోయాక చేను ఖాళీగా ఉందని మనం అనుకుంటాం గానీ, గట్టు మీద గరిక, చేలో తుంగ ఉన్నంత కాలం అది ఖాళీ చేను కాదు. దానికి తోడు మీది తేలిక నేల, ఇసుక పాలు ఎక్కువ. ఇలాంటి నేలలో పురుగు సులువుగా కదులుతుంది. మన దేశంలో మెట్ట వరిలో దీనివల్ల 16 నుంచి 32 శాతం వరకు దిగుబడి పోయినట్టు పరిశోధకులు నమోదు చేశారు. మచ్చలు పడిన చోట నష్టం ఇంకా ఎక్కువని మీకు ఒకరు చెప్పనక్కర్లేదు.

దమ్ము చేసి నీరు నిలబెట్టే పల్లపు వరిలో ఇది ఇంతగా చెలరేగదు. నీరు నిలిచిన మట్టిలో పిల్ల పురుగు కొత్త వేరులోకి దూరలేదు. అయితే చావదు. గుడ్లు నీటి కింద కూడా నెలల తరబడి బతికే ఉంటాయి, నీరు తీసిన వెంటనే మళ్లీ దాడి మొదలవుతుంది. ఇటలీలో వరి పండించే పీడ్‌మాంట్ ప్రాంతంలో 2016లో ఇది బయటపడింది. అక్కడ పొలాలను నీట ముంచి ఉంచడం మీదనే బాగా ఆధారపడ్డారు. మరో ఉపాయం కూడా పరీక్షించారు. వరి వేసి, పురుగు వేర్లలోకి దూరాక, అది గుడ్లు పెట్టకముందే ఆ లేత పైరును నాశనం చెయ్యడం. ఎవరైనా మీకు ఈ ఎర పంట గురించి చెప్పినా మీరు మాత్రం చెయ్యొద్దు. వాన మీద ఆధారపడిన చేలో సరిగ్గా ఆ రెండు మూడు వారాల్లోపు దున్నే పదును దొరక్కపోతే పురుగును మీ చేత్తో మీరే పెంచినట్టవుతుంది.

గుళికల విషయం సూటిగా చెబుతాను. 45 రోజుల పైరులో ఇప్పుడు గుళికలు వెయ్యకండి. ఈ పురుగు చేసే అసలు నష్టం మొలిచిన మొదటి రెండు మూడు వారాల్లో జరుగుతుంది, అది జరిగిపోయింది. ఇప్పుడు పురుగులు వేర్ల లోపల ఉన్నాయి. పైన వేసిన మందు మట్టిలో ఉన్న కొన్నిటిని చంపినా, లోపలివి మూడు నాలుగు వారాల్లో మళ్లీ నింపేస్తాయి. షాపులో ఫోరేట్ అని ఇస్తే అసలు తీసుకోవద్దు, దాని వాడకం 2020 చివరితో మన దేశంలో నిషేధమైంది. పాత సరుకు ఎక్కడైనా మూల పడి ఉంటే అంటగట్టే వాళ్లు ఇంకా ఉంటారు. కార్బోఫ్యూరాన్ అనే మరో పురుగుమందులో 3 శాతం పూత గుళికలు తప్ప మిగతా రూపాలను 2023లో నిషేధించారు. ఆ గుళికలు కూడా విషమే. నేల మీద పడ్డ గుళికను గింజ అనుకుని పిట్టలు తింటాయి, కోళ్లు తింటాయి. మెట్ట నుంచి వాన నీటితో కొట్టుకొచ్చి కింద చెరువులో చేపల దాకా వెళ్తుంది. పిల్లలు, కోళ్లు తిరిగే ఇంట్లో ఆ సంచి పెట్టుకోవడం నాకు ఇష్టం లేదు. ఎకరానికి పది పన్నెండు కిలోలు చల్లి ఒక్క ఏడాది కొంచెం ఊరట పొందినా పై ఏడాది మళ్లీ అదే ఖర్చు. నారుమడి పోసి నాట్లు వేసేవాళ్లు నాలుగైదు సెంట్ల నారుమడి వరకు, శాస్త్రవేత్త చెబితే వాడుకోవడంలో కొంత అర్థం ఉంది. వెదజల్లిన రెండున్నర ఎకరాలకు లేదు.

మరి ఈ పైరును ఏం చెయ్యాలి? నిజం చెప్పాలంటే ఈ సీజన్లో పురుగును చంపే పని ఏదీ లేదు. ఉన్న పైరు గింజ కట్టేలా చూసుకోవాలి. యూరియా ఒక్కసారే కుమ్మరించకుండా, నేలలో తేమ ఉన్నప్పుడు కొద్దికొద్దిగా రెండు విడతల్లో వెయ్యండి, అదీ బాగున్న పైరు ఉన్న చోటే. పూర్తిగా గిడసబారిన మచ్చల్లో ఎరువు దండగ. ఊద, తుంగ గింజ కట్టకముందే పీకించండి, పీకిన దాన్ని గట్టు మీద పడెయ్యకుండా చేను బయట ఎండబెట్టి కాల్చండి. అన్నిటికంటే ముఖ్యంగా మచ్చల చుట్టూ ఇప్పుడే కర్రలు పాతించండి. కోత అయ్యాక ఎక్కడ పసుపుందో ఎవరికీ గుర్తుండదు, పై ఏడాది ప్రణాళిక అంతా ఆ కర్రల మీదే ఆధారపడి ఉంటుంది. కోతప్పుడు బాగున్న భాగం ముందు కోసి, మచ్చల భాగం చివర కొయ్యండి. ట్రాక్టరు ఆ భాగంలోకి దిగితే బయటికొచ్చేటప్పుడు రోటవేటర్ పళ్లకు, టైర్లకు అంటిన మట్టిని అక్కడే గీకించండి. బాడుగ ట్రాక్టరు డ్రైవరు విసుక్కుంటాడు, అయినా అడగండి. ఊళ్లో ఒక చేను నుంచి ఇంకో చేనుకు ఈ పురుగు ఎక్కువగా వెళ్లేది ఆ మట్టితోనే.

కోత తర్వాతే అసలు పని మొదలవుతుంది. ఈ పురుగును మొత్తంగా నిర్మూలించడం కుదరదు, ఆ ఆశ పెట్టుకోవద్దు. తినడానికి వేరు లేకుండా చేసి సంఖ్య తగ్గించడం కుదురుతుంది. దానికి ఒక పంట కాలం చాలదు, ఏడాది పైనే పడుతుంది. మీకు ఇంటి బియ్యం కావాలి కాబట్టి చేను మొత్తం మానమని నేను చెప్పను. ఇలా చెయ్యండి. చేనును మూడు ముక్కలుగా అనుకోండి. కర్రలు పాతిన చెడ్డ ముక్కలో వచ్చే ఖరీఫ్‌కు వరి వద్దు. ఈ నవంబరులో వరి కోస్తే, ఆ ముక్కలో మళ్లీ వరి పడేది ఆ పై సంవత్సరం జూన్‌లో, అంటే దాదాపు 19 నెలలు దానికి వరి వేరు దొరకదు. మిగతా రెండు ముక్కల్లో వరి వేసుకోండి. ఆ తర్వాత రెండో ముక్కకు విరామం ఇవ్వండి, ఆ తర్వాత మూడోదానికి. ఏ ఏడాదైనా చేలో రెండు వంతులు వరే ఉంటుంది. ఇప్పుడు మాత్రం మీరు పంట తీస్తున్నది ఆ రెండు వంతుల నుంచే కదా, మూడో వంతు విత్తనం, కూలి తినేసి చేతికి ఏమీ ఇవ్వడం లేదు.

విరామం ఇచ్చిన ముక్కలో ఏం వెయ్యాలన్నది పరీక్ష రిపోర్టును బట్టి. గ్రామినికోలా అని తేలితే నువ్వు, అలసంద, ఆవాలు, పొద్దుతిరుగుడు, ఆముదం, చిలగడ దుంప, వీటిలో మీ నేలకు, మీ సంతకు ఏది పనికొస్తే అది. వరి పురుగు వీటి మీద పెరగలేదు. నన్నడిగితే తొలకరి నువ్వు మీకు బాగా కుదురుతుంది. గరువు నేలకు అలవాటైన పంట, తక్కువ వానతో వస్తుంది, రేటూ ఉంటుంది. కూరగాయల జాతి కూడా కలిసి ఉన్నా నువ్వు అంత తేలిగ్గా లొంగదు. నువ్వు తీశాక తేమ ఉంటే జనుము చల్లండి. పూత దశలో కలియదున్నితే నేలకు బలం, నులిపురుగుకు చేటు. చోడి, సామ, జొన్న లాంటివి మాత్రం ఆ ముక్కలో వెయ్యకండి. మన ఇంటికి అవి మంచి తిండే, కానీ అవీ గడ్డిజాతే, పురుగుకు బువ్వ పెట్టే ప్రమాదం ఉంది. గోగు కూడా వద్దు, అది కూరగాయల జాతికి బాగా లొంగుతుంది. ఇక ఏ పంట వేసినా చేలో ఊద, తుంగ మొలవనిస్తే విరామం ఇచ్చిన ఫలితం ఉండదు. పంట మార్చినా పురుగు పోలేదని కొందరు అంటుంటారు. వాళ్ల చేలో తుంగ చూడండి, జవాబు అక్కడే ఉంటుంది.

వేసవి దుక్కి మానకండి. కోత కాగానే మొదళ్లు నేలలో ఉండగానే ఒకసారి దున్ని, వేర్ల గడ్డలను ఏరించి కాల్చండి, ఎందుకంటే గుడ్లు ఆ వేర్ల లోపలే ఉన్నాయి. ఏప్రిల్, మే నెలల్లో పది పదిహేను రోజుల ఎడంతో రెండు మూడు సార్లు లోతుగా దున్నితే కింది మట్టి ఎండకు ఆరి చాలా పురుగు చస్తుంది. దుక్కి వాలుకు అడ్డంగా ఉండాలి. చెడ్డ ముక్క ఎగువన ఉంటే దాని కింద చిన్న గట్టు వెయ్యండి, లేకపోతే మొదటి వానకే మట్టి కొట్టుకొచ్చి బాగున్న ముక్కలో చేరుతుంది.

వరి వేసే ముక్కలకు ఆఖరి దుక్కిలో ఎకరానికి 200 కిలోల వేపపిండి వేస్తే మంచిది. అంత కొనలేకపోతే మచ్చలు కొద్దిగా ఉన్న చోట్ల వరకే వెయ్యండి. 90 కిలోల చివికిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా (మేలు చేసే శిలీంద్రం) పొడి కలిపి, నీళ్లు చిలకరించి, నీడలో గోనెపట్టా కప్పి వారం పది రోజులు ఉంచితే ఆ శిలీంద్రం బాగా పెరుగుతుంది, దాన్ని దుక్కిలో చల్లుకోవచ్చు. విత్తనానికి కిలోకు 10 గ్రాముల సూడోమోనాస్ (మేలు చేసే బాక్టీరియా) పొడి పట్టించండి. వీటితోనే పురుగు పోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. మొలక దశలో వేరుకు కొంత రక్షణ దొరుకుతుంది, ఆ రెండు మూడు వారాలు గట్టెక్కితే మొక్క తట్టుకుంటుంది. ఈ జీవ మందుల ప్యాకెట్ల మీద తయారీ తేదీ చూసి కొనండి, షాపు ఎండలో నెలలు పడున్న పొడిలో ప్రాణం ఉండదు.

తట్టుకునే రకం ఏదైనా ఉందా అని మీరు తర్వాత అడగొచ్చు. ఆఫ్రికాలో పుట్టిన వరి జాతి ఒరైజా గ్లాబెరిమాలో ఈ పురుగుకు గట్టి నిరోధకత దొరికింది, దాన్ని మన వరిలోకి తేవడానికి చాలాచోట్ల పని జరుగుతోంది. నిరోధక రకమని షాపులో ఎవరైనా సంచి చూపిస్తే కృషి విజ్ఞాన కేంద్రంలో అడగకుండా కొనకండి.

మీ ఆయన జీడి ఆలోచన తప్పని అనను. గరువులో జీడి బాగా వస్తుంది, వరి పురుగు దాన్ని ముట్టదు. కాకపోతే కాపు రావడానికి కనీసం మూడేళ్లు పడుతుంది, ఆ మూడేళ్లు ఐదుగురికి బియ్యం ఎక్కడివి? పెట్టాలనుకుంటే మొదట చెడ్డ ముక్క గట్ల వెంట పెట్టండి, మొక్కల మధ్య నువ్వు, అలసంద వేసుకోవచ్చు. ఈ పురుగు భయంతోనే భూమి మొత్తం మార్చెయ్యాల్సినంత పరిస్థితి మీకు రాలేదు.

ఇది చదువుతున్న మిగతా రైతులకు కూడా ఒక మాట. కూలీలు దొరక్క, నీళ్లు చాలక తెలంగాణలో, కోస్తాలో చాలామంది నాట్లు మానేసి నేరుగా వెదజల్లుతున్నారు, ఆరుతడి పెడుతున్నారు. అందులో తప్పేమీ లేదు, ఖర్చు తగ్గుతోంది. కానీ ఇన్నాళ్లూ నిలవ నీరు ఈ పురుగును అణచి ఉంచింది, ఆ నీరు తీసేస్తున్నాం. కాబట్టి వెదజల్లే వాళ్లు పైరు 25, 30 రోజులప్పుడు ఒకసారి పారతో నాలుగు దుబ్బులు లేపి వేర్లు కడిగి చూసుకోవాలి. నాట్లు వేసేవాళ్లు మెట్ట మీద నారుమడి పోస్తే, వేసవిలో ఆ మడిని తడిపి పారదర్శకమైన పల్చటి పాలిథిన్ షీటు నాలుగు నుంచి ఆరు వారాలు కప్పి ఎండకు ఉడకనివ్వండి. పురుగు పట్టిన నారును దమ్ము చేసిన మడిలో నాటితే నీళ్లున్నాయన్న ధీమా పనికిరాదు, అది వేరులో కూర్చునే మడిలోకి వచ్చేస్తుంది.

చివరగా తిండి, విత్తనం గురించి అడిగారు. నిశ్చింతగా తినండి. పురుగు వేర్లలో ఉంటుంది, గింజలోకి రాదు, మనిషికి దానివల్ల ఏ హానీ లేదు. గడ్డి పశువులకు వెయ్యొచ్చు, మొదళ్లు వేర్లతో సహా పీకకుండా కొడవలితో కోసిన గడ్డే వెయ్యండి, వేర్లకు అంటిన మట్టి పెంటకుప్పలోకి చేరకుండా ఉంటుంది. విత్తనం కూడా ఉంచుకోవచ్చు, ఇది గింజ ద్వారా రాదు. వరిలో గింజ ద్వారా వచ్చే నులిపురుగు వేరే ఉంది, దానివల్ల ఆకుల చివర్లు తెల్లబడి మెలి తిరుగుతాయి. మీ చేలో అలాంటి ఆకులు కనిపిస్తే ఆ దుబ్బుల గింజలు విత్తనంలో కలపకండి. మచ్చల్లోని గింజలు తాలు ఎక్కువ, మొలక బలహీనం, అవి తిండికి వాడుకుని, విత్తనాన్ని బాగున్న భాగం మధ్యలోంచి విడిగా కోసి, నూర్చి, మట్టి పెళ్లలు లేకుండా చెరిగి, ఎండబెట్టి దాచండి. ల్యాబ్ రిపోర్టు వచ్చాక దాని కాపీ పంపించండి, నువ్వుల పంట వెయ్యాలా ఇంకేదైనానా అన్నది దాన్ని చూసి రాస్తాను.